వినికిడి గంటలు

ఇంద్రియాలన్నింటిలో కన్నే ప్రధానమని పెద్దలంటారు. ఆ మాటను కాదనే సాహసం నాకు లేదు. కాని దీపం లేని చీకటింట్లో కూడా తల్లి పిలుపు బిడ్డను చేరుతుంది. ఆ పిలుపు చేరని బిడ్డ మా ఇంట్లోనే పుట్టింది కనుక చెవి విలువ ఎంతటిదో, ఆ చెవిని మేలుకొలిపి ఉంచే గుండీ అంత బ్యాటరీ విలువ ఎంతటిదో మాకు అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది. ఆ అనుభవాన్ని విద్యార్థి మిత్రులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది గట్టు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, రాయచూరు సరిహద్దుకు దగ్గరగా ఉన్న మండల కేంద్రం. మా అబ్బా దర్జీ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, అవతలి గ్రామాల నుండి వచ్చే వారితో కన్నడం. ఇలా మూడు భాషలు మా గడపలో నిత్యం వినిపిస్తూ ఉంటాయి. మా చెల్లెలు మాత్రం ఈ మూడింటిలో ఒక్క మాటయినా వినకుండానే రెండేళ్ళు పెరిగింది. పసితనంలో కుట్టుమిషను పక్కనే పడుకోబెట్టినా దాని నిద్ర చెదరేది కాదు. ఎంత నెమ్మదైన పిల్ల అని అందరమూ మురిసిపోయాము. ఆ నెమ్మదితనానికి కారణం వేరే ఉన్నదని చాలా ఆలస్యంగా గ్రహించాము.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట మూడు జిల్లాలలో ప్రారంభమైంది. వాటిలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. గట్టు అప్పుడు ఆ జిల్లాలోనిదే. వినికిడి లేని పసిపిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు కూడా ఆ పథకంలో చోటు లభించింది. ప్రభుత్వ సహాయం వలననే మా చెల్లెలికి హైదరాబాదులో ఆ శస్త్రచికిత్స జరిగింది. లేనిచో లక్షలతో కూడిన ఆ వ్యయాన్ని ఒక దర్జీ కుటుంబం కలలోనైనా ఊహించి ఉండేది కాదు.

ఈ యంత్రం పనిచేసే తీరు కొంత చెప్పవలసి ఉన్నది. చెవి వెనుక తగిలించుకొనే ప్రాసెసర్ శబ్దాన్ని గ్రహించి విద్యుత్సంకేతాలుగా మారుస్తుంది. తలకు అయస్కాంతంతో అతుక్కొని ఉండే చిన్న బిళ్ళ ఆ సంకేతాలను చర్మం మీదుగా లోపలికి పంపుతుంది. లోపల అమర్చిన సన్నని తీగ నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో శ్రవణనాడిని ప్రేరేపిస్తుంది. లోపలి భాగంలో బ్యాటరీ ఉండదు. దానికి కావలసిన శక్తి కూడా బయటి నుండే, చర్మం గుండానే అందాలి. అందువలన సాధారణ వినికిడి యంత్రం కంటె ఇది ఎన్నో రెట్లు ఎక్కువ విద్యుత్తును కోరుతుంది. బ్యాటరీ ఆగితే శబ్దం తగ్గడం కాదు, ప్రపంచమంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

విచిత్రమేమంటే బ్యాటరీకి, చెవికి ఉన్న ఈ సంబంధం బ్యాటరీ పుట్టిననాటిదే. విద్యుత్ ఘటాన్ని లోకానికి పరిచయం చేసిన ఇటలీ శాస్త్రజ్ఞుడు అలెశాండ్రో వోల్టా 1800లో రాయల్ సొసైటీకి పంపిన లేఖలోనే, విద్యుత్తును తన చెవులలోకి పంపుకొని చూసిన సంగతి కూడా వ్రాశాడు. చిక్కని పదార్థమేదో కుతకుత ఉడుకుతున్నట్టు ఆయనకు వినిపించిందట. 1957లో పారిస్‌లో జోర్నో, ఏరియస్ అనే వైద్యులు శ్రవణనాడికి విద్యుత్ప్రేరణ ఇచ్చి చూశారు. 1978లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ అనేక ఎలక్ట్రోడులు గల ఇంప్లాంట్‌ను ఒక రోగికి అమర్చాడు. క్లార్క్ తండ్రి వినికిడి లోపంతో బాధపడిన ఒక మందుల దుకాణదారు. ఇంట్లో చూసిన కష్టమే ఆ కుమారుణ్ణి ఈ మార్గం పట్టించింది.

ఇక మా కథకు వస్తాను. మా చెల్లెలి ప్రాసెసర్‌కు మొదట ఛార్జి చేసే బ్యాటరీ ఉండేది. కొన్నేళ్ళకు అది సత్తువ కోల్పోయి మధ్యాహ్నానికే ఆగిపోసాగింది. కొత్తది కొనడం మా శక్తికి మించిన పని. పైగా కరెంటు పోయిన రాత్రి ఛార్జి చేయడానికి దారి ఉండదు. వాడి పారవేసే గుండీ బ్యాటరీలను రెండేసి వేసినా అదే యంత్రం నడుస్తుందని తెలిసి, వాటికే మారాము. అక్కడి నుండి ‘ఎక్కువ కాలం మన్నే బ్యాటరీ ఏది?’ అన్న ప్రశ్న మా ఇంటి ప్రశ్న అయింది.

తొలి పొరపాటు కొలతలో జరిగింది. మాకు కావలసినది 675 అనే సంఖ్య గల జింక్-ఎయిర్ బ్యాటరీ. గడియారాలకు, ఆటబొమ్మలకు వేసే ఎల్.ఆర్.44 అనే బ్యాటరీ సరిగ్గా అదే కొలతలో ఉంటుంది. ఒక దుకాణంలో దానినే ఇచ్చారు. యంత్రంలో చక్కగా అమరింది కాని కొద్దిసేపటికే మౌనం వహించింది. అబ్బా దానిని వేళ్ళ మధ్య తిప్పి చూసి, “బేటీ, కొలత సరిపోయినంత మాత్రాన గుడ్డ మన్నిక తెలుస్తుందా?” అన్నారు. ఆ తరువాత ఈ విషయంలో మాకు ఆ మాటే పాఠమైంది.

రెండవ పొరపాటు సంఖ్యను చూసి మోసపోవడం. 675లోనే రెండు రకాలున్నాయి. ఒకటి సాధారణ వినికిడి యంత్రానికి, మరొకటి ప్రత్యేకించి ఇంప్లాంట్‌కు. మొదటి దానిలో నిలువ ఉండే శక్తి కాగితం మీద 600 మిల్లీ యాంపియర్ గంటలకు పైగానే ఉండవచ్చు. చవకగా దొరుకుతున్నది కదా అని అదే కొన్నాము. అది ఒకటిన్నర రోజుకే ఆగిపోయేది. కారణం తరువాత తెలిసింది. ఈ బ్యాటరీలో జింకు ఒక్కటే ఉంటుంది. రసాయన చర్యకు కావలసిన ప్రాణవాయువును అది బయటి గాలి నుండి, అడుగున ఉన్న సన్నని రంధ్రాల ద్వారా తీసుకుంటుంది. ఇంప్లాంట్ అడిగినంత వేగంగా విద్యుత్తు ఇవ్వాలంటే అంత వేగంగా గాలి అందాలి. సాధారణ రకానికి అంత గాలి అందదు. లోపల జింకు మిగిలి ఉండగానే వోల్టేజి పడిపోయి యంత్రం ఆగుతుంది. ఇంప్లాంట్ రకానికి గాలి ధారాళంగా అందే ఏర్పాటు ఉంటుంది. నిండుకుండ అయినా మూతి ఇరుకైతే దాహం వేళకు నీరు అందదు గదా!

అప్పుడు నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ చీటీ ఎప్పుడు విప్పినది, ఎన్ని రోజులు నడిచినది, అన్నీ తేదీలతో వ్రాయసాగాను. చీటీకి ఆరు బ్యాటరీలు. చీటీ ధర అబ్బా కుట్టుకూలి నుండే రావాలి. రెండు మూడు రకాలు మార్చి చూసిన మీదట ఒక రకం వరుసగా నాలుగేసి రోజులు నడిచింది. నా సంతోషానికి మేర లేదు. దీర్ఘకాలం మన్నే బ్యాటరీని కనిపెట్టానని ఇంటిల్లిపాదికీ చాటాను. అమ్మీ నా తల నిమిరి దువా చేసింది.

నెల తిరగకుండానే బడి నుండి ఉపాధ్యాయిని కబురు పెట్టారు. “ఉదయం చక్కగా బదులు చెప్పే అమ్మాయి మధ్యాహ్నం ఏమడిగినా పలకడం లేదు. యంత్రం చెడిపోయిందేమో చూడండి” అన్నారు. ఇంటికి వచ్చి చెల్లెల్ని అడిగాను. చాలాసేపు తల వంచుకొని నిలబడింది. చివరకు, “ఆపా, అన్నం బెల్లు కొట్టగానే బంద్ చేస్తున్నాను. నీ పుస్తకంలో రోజులు ఎక్కువ పడితే అబ్బా సంతోషపడుతున్నారు కదా” అన్నది.

ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గును ఇక్కడ వర్ణించలేను. నేను గొప్పగా వ్రాసిన ఆ నాలుగు రోజులు బ్యాటరీ మన్నినవి కావు, పదేళ్ళ పిల్ల వినకుండా గడిపినవి. బ్యాటరీ ఇచ్చేది రోజులు కాదు, గంటలు. వాటిని రెండు రోజులకు పరిచినా, నాలుగు రోజులకు పరిచినా వినికిడి పెరగదు. మాట నేర్చుకొనే వయసులో పోయిన గంట మళ్ళీ దొరకదు. అమ్మీ కూడా ఇంట్లో ఎవరూ లేని సమయంలో యంత్రం తీసి దాచేది. తప్పు ఒక్కరిది కాదు. లెక్క వేసే తీరులోనే మేమంతా పొరబడ్డాము. ఆ రాత్రి నోటుపుస్తకంలో ‘రోజులు’ అన్న మాట కొట్టివేసి ‘విన్న గంటలు’ అని వ్రాశాను. మేలుకొని ఉన్నంతసేపూ యంత్రం ఉండితీరవలసిందేనని అబ్బా చెల్లెలితో ఒట్టు వేయించుకున్నారు.

గంటల లెక్క మొదలుపెట్టాక అసలు దోషం బయటపడింది. ఇంప్లాంట్ రకం బ్యాటరీలే వేస్తున్నా ముప్పై గంటలు దాటడం లేదు. రాత్రిపూట చెమ్మ ఆరడానికి ప్రాసెసర్‌ను సిలికా జెల్ గుళికలున్న డబ్బాలో పెట్టేవారము. మంచి పనే, కాని బ్యాటరీలను లోపలే ఉంచి పెట్టేవారము. గుళికలు యంత్రంలోని చెమ్మతోపాటు బ్యాటరీలోని ద్రవాన్ని కూడా పీల్చివేస్తున్నాయి! గాలి బాగా అందే ఏర్పాటు ఉన్నందువలననే ఇంప్లాంట్ రకం మరింత త్వరగా ఎండిపోతుంది. నాటి నుండి బ్యాటరీలను తీసి బయట వేరుగా ఉంచి, యంత్రాన్ని మాత్రమే డబ్బాలో పెట్టాము. లెక్క నలభై గంటలకు దగ్గరగా వచ్చింది. అంటే పొద్దున లేచింది మొదలు పడుకొనే వరకు విన్నా దాదాపు మూడు రోజులు. కొత్త రకం కొనకుండానే దొరికిన లాభమిది.

మరొకసారి శ్రావణమాసపు వానలో యంత్రం తడుస్తుందని అమ్మీ దానికి పాలిథిన్ కాగితం గట్టిగా చుట్టింది. వీధి మలుపు తిరిగేలోగా అది ఆగిపోయింది. కాగితం విప్పిన కొద్దిసేపటికి మళ్ళీ పలికింది. ఊపిరాడక ఆగినదే తప్ప చెడిపోలేదు. ఈ బ్యాటరీ కూడా మనవలె గాలి పీల్చి బ్రతికేదని చెల్లెలికి ఆ రోజే బోధపడింది.

మా అనుభవసారాన్ని ఇతరుల ఉపయోగార్థం క్లుప్తంగా చెబుతాను. చీటీ మీద 675 అన్న సంఖ్యతోపాటు ఇంప్లాంట్ కొరకు అన్న మాట ఉన్నదో లేదో చూడాలి. గడువు తేదీ చదవాలి. చవక అని ఏడాదికి సరిపడా ఒకేసారి కొని ఉంచరాదు. నీలిరంగు చీటీని పీకిన తరువాత వెంటనే వేయక కనీసం ఒక నిమిషం, వీలైతే ఐదు నిమిషాలు గాలికి ఉంచాలి. ఒకసారి పీకిన చీటీని తిరిగి అంటించినా ఖర్చయ్యే శక్తి పూర్తిగా ఆగదు. కనుక అవసరానికి ముందు విప్పరాదు. రెండింటినీ ఒకేసారి మార్చాలి. పాతదానికి కొత్తదానిని జత చేయరాదు. మన ఎండలకు భయపడి ఫ్రిజ్‌లో పెట్టడం కూడా పొరపాటే, చెమ్మ పడుతుంది. ఎండ తగలని లోపలి గదిలోని గూడు చాలు. చిల్లర నాణేలతో, సూదులతో కలిపి ఉంచితే బ్యాటరీ వృథాగా ఖర్చయిపోతుంది, వేడెక్కుతుంది. అన్నిటికన్న ముఖ్యం, పసిపిల్లలు మింగకుండా జాగ్రత్తపడాలి. గుండీ బ్యాటరీ మింగితే ప్రాణాపాయం. అట్లా జరిగిందన్న అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు ఉపాధ్యక్షులుగా సేవ చేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేర 1983లో ముంబాయిలో వినికిడి లోపం గలవారి కొరకు జాతీయ సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉన్నది. పసిబిడ్డ శబ్దానికి ఉలికిపడకపోతే మురిసిపోక వెంటనే పరీక్ష చేయించాలని, అందుకు ఇటువంటి కేంద్రాలున్నాయని, మిత్రులు తమ గ్రామాలలో చెప్పగలిగితే అంతకన్న సేవ లేదు.

కమిటీ పెద్దలకు రెండు విన్నపాలు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి. వాడిన వాటిని చెత్తలో కలపకుండా వేయడానికి మన కళాశాల ప్రయోగశాల దగ్గర ఒక డబ్బా ఏర్పాటు చేయాలని మొదటి కోరిక. పరీక్ష హాలులో ఇటువంటి విద్యార్థి రెండు బ్యాటరీలు వెంట ఉంచుకొనడానికి, వాటిని మార్చుకొనే ఐదు నిమిషాలకు బదులు ఐదు నిమిషాలు అదనంగా ఇవ్వడానికి ముందుగానే వ్రాతపూర్వకమైన అనుమతి ఉండాలని రెండవ కోరిక. పర్యవేక్షకుల దయ మీద ఆధారపడే పరిస్థితి ఏ విద్యార్థికీ రాకూడదు.

మా చెల్లెలు ఇప్పుడు పదవ తరగతి. ఇంట్లో ఉర్దూలో అలుగుతుంది, వీధిలో తెలుగులో వాదిస్తుంది. నోటుపుస్తకం ఇప్పుడు దాని చేతిలోనే ఉన్నది. మొన్న తెరిచి చూశాను. ‘విన్న గంటలు’ అన్న నా గడి పక్కన మరొక గడి గీసి, అందులో ఆ రోజు కొత్తగా విన్న మాటలు వ్రాసుకుంటున్నది. రెండేళ్ళలో అది మన కళాశాల మెట్లు ఎక్కవచ్చు. అప్పటికి ఆ రెండు ఏర్పాట్లూ సిద్ధంగా ఉంటాయని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.