ఉడుతల డాక్టరు

మా అత్తగారింట్లో ఒక డాక్టరు ఉన్నారు. జ్వరానికి మందు రాయరు, ఇంజెక్షన్ వెయ్యరు, బీపీ కూడా చూడరు. ఉడుతల్ని చూస్తారు. మా ఆయనకు అక్క, నాకు వదిన. జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ. రాజపాళయంలో ఇంటి ముందు పేరుకి "డా." తగిలించి బోర్డు పెట్టిన వారానికే పక్క వీధి నుంచి ఒకాయన మోకాలి నొప్పితో వచ్చారు. వదిన విషయం చెప్పారు. ఆయన కాసేపు ఆలోచించి, "పోనీలేమ్మా, ఎలాగూ వచ్చాను కదా, మోకాలు ఒకసారి చూసెయ్" అన్నారట. మర్నాడు మామగారు బోర్డు పీకించేశారు.

మన ఊరి గురించి ఎవరు రాసినా విజయనగరం రోజుల్లో దక్షిణానికి దిగిన రాజులు, 1936లో మొదలైన రాజపాళయం మిల్లు, 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన కుమారస్వామి రాజాగారు, తెల్ల కుక్కలు, మామిడిపళ్లు, ఇవే రాస్తారు. ఉడుత సంగతి ఎవరూ ఎత్తరు. శ్రీవిల్లిపుత్తూరు వైపు కొండల్లో, అయ్యనార్ కోయిల్ దారిలో ఉండే నెరసిన పెద్ద ఉడుత లోకంలో దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. దానికోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. 2021లో మేఘమలైతో కలిపి పులుల రిజర్వు చేశారు. పులి వచ్చాక ఉడుత పేరు బోర్డులో వెనక్కిపోయిందని వదినకి ఇప్పటికీ కోపమే.

నేను కర్ణాటకలో కన్నడ మీడియంలో చదువుకున్నదాన్ని. నాకు ఉడుత అంటే అళిలు. వదిన మొదటిసారి "బెట్టుడుత" అన్నప్పుడు "బెట్ట అంటే మాకు కొండండీ, కొండ ఉడుతా?" అన్నాను. ఆవిడ ఎంత సంతోషపడ్డారంటే, ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో నాకొక పార్టీ దొరికింది.

ఈ ఉడుత తోకతో కలిపి రెండడుగులు దాటుతుంది. నేల మీదకి దాదాపు దిగదు, కొమ్మ మీంచి కొమ్మకే. కొమ్మలు కలవని చోట దానికి దారి మూసుకుపోయినట్టే. అందుకే ఒక్క చెట్టు కొట్టినా వదిన ఇంట్లో చావు జరిగినట్టు కూర్చుంటారు. పనేమిటయ్యా అంటే పొద్దున్నే చెట్టు కింద నిలబడి, మెడ వెనక్కి విరిచి, అయిదు నిమిషాలకోసారి ఉడుత ఏం చేస్తోందో రాసుకోవడం. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. పేజీ నిండా "విశ్రాంతి, విశ్రాంతి, విశ్రాంతి". పదకొండింటికి ఒకసారి "గోక్కొనుట". ఆ రోజు ఆవిడ మొహంలో వెలుగు చూడాలి!

ఈ అయిదు నిమిషాల పద్ధతికి 1974లో జీన్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త రాసిన వ్యాసం భగవద్గీతలాంటిదట. వదిన దాన్ని మా మరిది నిశ్చితార్థం మాటల రోజున ఇంట్లో కూర్చున్న పెద్దల మీద ప్రయోగించారు. మామగారి వరసలో "విశ్రాంతి". అత్తగారి వరసలో ఒక్కసారి కూడా ఆ మాట లేదు. ఆ కాగితం అత్తగారు బీరువాలో దాచుకున్నారు.

పెళ్లిచూపుల కథ కూడా చెప్పాలి. అబ్బాయి తరఫువాళ్లు "అమ్మాయి ఏం చేస్తుంది?" అన్నారు. "ఉడుతల్ని చూస్తుంది." "దానికి జీతం ఇస్తారా?" "ఇస్తారు, ఆలస్యంగా." ఆ సంబంధం అక్కడితో ఆగింది. ఇంకోటి ఫ్రిజ్ దగ్గర ఆగింది. అందులో హార్లిక్స్ సీసాలో ఉన్నది పచ్చడి కాదని చెప్పేలోపే ఒకావిడ మూత తీశారు. అది అడవి పిల్లి పెంట.

పెంట అని నవ్వకూడదు. మనకి దగ్గర్లోనే శివకాశి అయ్య నాడార్ జానకీ అమ్మాళ్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన ఎ.జె.టి. జాన్‌సింగ్‌గారు 1976 నుంచి 1978 దాకా బండీపూర్‌లో రేచుకుక్కల వెంట తిరిగి, వాటి పెంటలో మిగిలిన వెంట్రుకల్ని బట్టి ఏ జంతువుని తిన్నాయో పట్టేవారు. తరవాత దేశంలో ఒక తరం వన్యప్రాణి శాస్త్రవేత్తలకి గురువయ్యారు. 2024లో పోయారు. ఆ రోజు వదిన అన్నం తినలేదు. మా అత్తగారు "పెంట చూసి ఇంత పేరు తెచ్చుకోవచ్చని తెలిస్తే ముందే నోరు మూసుకుని ఉండేదాన్ని" అన్నారు. అత్తగారి సంతాపం అలాగే ఉంటుంది.

ఊళ్లో సంజీవి కొండ ఉంది కదా. దాన్ని చూసినప్పుడల్లా వదిన హనుమంతుణ్ణి తిడతారు, భక్తితోనే. "మొక్క గుర్తుపట్టడం రాక కొండంతా మోసుకొచ్చాడు. శాంపిల్ అంటే గుప్పెడు తేవాలి. ఆ కొండ మీద చీమలు ఏమైపోయి ఉంటాయి?"

నాదీ ఆవిడదీ ఒకటే వృత్తి అని నేనంటాను. ఎక్కడ తప్పుతుందా అని కాచుకు కూర్చోవడమే కదా. 1947లో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటరు రిలేలో ఇరుక్కున్న చిమ్మెటని తీసి లాగుబుక్కులో టేపుతో అంటించారని, మా వాళ్లంతా బగ్ అనగానే ఆ కథ చెప్పుకుంటారని గొప్పగా చెప్పాను. వదిన ఒకటే ప్రశ్న వేశారు. "ఏ జాతి చిమ్మెట?"

ఒకసారి ఆవిడ లెక్కల ఫైలు బాగుచేసి పెట్టాను. చెట్లకి నంబర్లు ఇచ్చుకున్నారు. తెల్లమద్దిని తమిళంలో మరుదు అంటారు కాబట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో ఎం.ఎ.ఆర్. 7 అంటే ఏడో మరుదు చెట్టు. స్ప్రెడ్‌షీటు దాన్ని మార్చి ఏడో తారీఖు చేసి కూర్చుంది. ముప్ఫై ఒకటి దాకా చెట్లన్నీ తేదీలైపోయాయి. ముప్ఫై రెండో చెట్టుని ఏకంగా సంవత్సరంగా చదివేసింది! వదిన తనొక్కరికే జరిగిందనుకున్నారు. కాదు. మనిషి జన్యువుల్లో మార్చ్-1, సెప్ట్-2 అనే పేర్లున్నవి ఇలాగే తేదీలైపోయేవి. 2016లో వెతికి చూస్తే, జన్యువుల జాబితాలు స్ప్రెడ్‌షీటులో జతచేసిన పరిశోధనా పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఈ తప్పు కనిపించింది. చివరికి 2020లో పేర్లు పెట్టే కమిటీవాళ్లు జన్యువుల పేర్లే మార్చేశారు. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, మనిషి జన్యువే పేరు మార్చుకోవాల్సి వచ్చింది. మా ఆఫీసు వాళ్లకి ఇది చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఇక కుక్కలు. మామగారికి ప్రాణం. మంచులా తెల్లగా, గులాబీరంగు ముక్కుతో ఉంటేనే రాజపాళయం కుక్క అంటారు. 2005లో కుక్కల మీద నాలుగు స్టాంపులు వస్తే ఒకటి మాది, ఒకటి మా కర్ణాటక ముధోల్‌ది. రెండూ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు, నా మర్యాద కోసం ముధోల్‌ది కాస్త కిందగా.

పోయిన ఏడు ఈనిన పిల్లల్లో ఒకటి పిలిస్తే రాలేదు. "పొగరు" అన్నారు మామగారు. వదిన "వినపడదు నాన్నగారూ" అన్నారు. తేల్చమని నన్ను పిలిచారు, టెస్టర్ని కదా. పళ్లెం మోగిస్తే లాభం లేదని ముందే చెప్పాను. పక్క పిల్లలు తలెత్తితే ఇదీ ఎత్తుతుంది, నేల అదిరినా ఎత్తుతుంది. విడిగా తీసి, దూది పరుపు మీద పడుకోబెట్టి, వెనకనించి తాళాలగుత్తి ఆడించాం. నాలుగుసార్లు చేశాం. చెవి కూడా కదల్లేదు. యంత్రంతో చేసే అసలు పరీక్ష వేరే ఉంది గానీ మాకు ఇది చాలింది.

చర్మానికీ వెంట్రుకకీ రంగునిచ్చే కణాలే లోపలి చెవిలోనూ ఉండాలట. అవి అక్కడికి చేరకపోతే పుట్టిన కొన్ని వారాల్లో వినికిడి పోతుంది. నీలికళ్ల పిల్లులకి చెవుడని డార్విన్ 1859లోనే రాసిపెట్టాడు. "మచ్చ ఉన్న పిల్లని మనం వద్దన్నాం కదా, తరతరాలుగా తెలుపుకి తెలుపే కలిపాం కదా" అన్నారు వదిన. మామగారు స్టాంపు వంక చూశారు.

అప్పుడు మా అత్తగారి తల్లి, అంటే మా ఆయన అమ్మమ్మ, మంచం మీంచి లేచి కూర్చున్నారు. "ఇది కుక్కల మాటేనా, నిశ్చితార్థం మాటా?"

నా మరిదికి అనుకుంటున్నది సొంత మేనమామ కూతుర్నే. అమ్మమ్మకి ఇద్దరూ మనవలే. అత్తగారిదీ మేనరికమే, అమ్మమ్మదీ మేనరికమే. ఇల్లంతా నిశ్శబ్దం. నవ్వించడానికి నా దగ్గర ఏమీ లేదు.

వదిన తొందరపడలేదు. తెలుపు వల్ల వచ్చే చెవుడు వేరు, మేనరికం లెక్క వేరు, రెండూ కలపకూడదన్నారు. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకటే. మామూలుగా నూరు కాన్పుల్లో రెండు మూడింటిలో ఏదో పుట్టు లోపం ఉంటుంది. మేనరికంలో దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. అంటే ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు. కానీ తరం మీద తరం అదే చేస్తే ఆ ఎనిమిదో వంతు అక్కడే ఆగదు. "నేను వద్దనడం లేదు, మన చార్టు గియ్యనివ్వండి" అన్నారు.

ఆ చార్టు నా దగ్గరే ఉంది. మన వంశవృక్షం కంప్యూటర్లో ఎక్కిస్తున్నది నేనే కదా. అది నాతో మొదటినుంచీ పోట్లాడుతోంది. ఒకే తాతగారు తండ్రి వైపూ తల్లి వైపూ వస్తున్నారని, ఎర్ర అక్షరాల్లో "ఈ వ్యక్తి ఇప్పటికే ఉన్నారు" అంటుంది. ప్రింటు తీసి నేల మీద పరిచాం. వదిన చూసి, "దీన్ని వృక్షం అనడానికి మనసు రావడం లేదు, చేపల వలలా ఉంది" అన్నారు. అమ్మమ్మ కూడా నవ్వారు.

తరవాత వదిన పెన్సిల్ తీసుకుని అడిగారు, "అమ్మమ్మా, ఇందులో లేనివాళ్లెవరైనా ఉన్నారా? పుట్టి పోయినవాళ్లు?"

"ముగ్గురు" అన్నారు. కాసేపటికి, "కాదు, నలుగురు." ముగ్గురు పురిట్లోనే పోయారు. నాలుగోది ఆడపిల్ల, రెండేళ్లు ఉంది. "ముద్దుగా ఉండేది. పిలిస్తే తిరిగేది కాదు. చెయ్యి చూపిస్తే పరిగెత్తుకొచ్చేది." అత్తగారికి తన అక్క ఒకతె ఉండేదని అరవయ్యేళ్లకి ఆ రోజు తెలిసింది. వదిన ఏమీ వ్యాఖ్యానించలేదు. పెన్సిల్‌తో నాలుగు గుర్తులు పెట్టి, ఒకదాని పక్కన చిన్నగా ఏదో రాసుకున్నారు.

ఆ కాగితం పట్టుకుని మధురైలో జన్యు సలహా ఇచ్చే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. ఈసారి మందులు రాసే డాక్టరే. ఇద్దరికీ రక్తపరీక్షలు చెప్పారు. అమ్మాయి "నేను కూడా వస్తా, నా చార్టు నేనే చదువుకుంటా" అని ముందు సీట్లో కూర్చుంది. నిశ్చితార్థం ఇంకా తేలలేదు. రిపోర్టులు రావాలి.

కుక్కపిల్లని ఎవరికీ ఇవ్వలేదు. చేతి సైగలు నేర్పుతున్నాం. దీపావళికి శివకాశి బాంబులకి వీధిలో కుక్కలన్నీ మంచాల కింద దూరితే, అది వాకిట్లో కాళ్లు చాపి పడుకుంది.

వంశవృక్షంలో నాలుగు గడులు కొత్తగా కలిపాను. ఒక్క గడిలోనే పేరుంది, లక్ష్మి. మిగతా ముగ్గురికీ పేరు పెట్టే వేళకే లేరు. పాతపాళయం శాఖలోనూ, మద్రాసు వెళ్లినవాళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉండే ఉంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి నాకు చెప్పండి. సంవత్సరం తెలియకపోయినా ఫరవాలేదు.