మూడు కేసులు, ఒక్క జడ్జిగారు

ఇంగ్లీషు న్యాయవ్యవస్థ పేపరుకి చదువుతున్న పిల్లలు మీ ఎరికలో ఉంటే ఓసారి అడిగి చూడండి, చట్టంలో మాటకి జడ్జీలు అర్థం ఎలా చెప్తారని. ఠక్కున అప్పజెప్పేస్తారు: లిటరల్ రూల్, గోల్డెన్ రూల్, మిస్చీఫ్ రూల్. ఒక్కోదానికీ ఒక కేసు, కింద రంగు పెన్నుతో గీత. "మరి ఆ తీర్పులు చెప్పిన జడ్జిగారెవరు?" అనండి. నీళ్ళు నములుతారు.

లిటరల్ రూల్‌కి 1868 నాటి దొంగ ఓటు కేసు ఎవరూ మర్చిపోరు. చనిపోయినవాడి పేరు చెప్పి ఒకాయన ఓటేసి వచ్చాడు. (మనవాళ్ళకి తెలియని విద్యేం కాదులెండి.) ఓటు హక్కున్న మనిషిగా నటిస్తే నేరం అంది చట్టం. పోయినవాడికి హక్కెక్కడిది? కోర్టు వదిలేసింది!

నన్నడిగితే అసలు రుచి లార్డ్ పార్కర్ దగ్గరుంది. 1960లో ఈయన ప్రధాన న్యాయమూర్తి. వీధిలో విటుల్ని పిలవకూడదని అంతకుముందు ఏడాదే చట్టం వచ్చింది. ఆడవాళ్ళు ఇంట్లోనే ఉండి, కిటికీ అద్దం మీద తట్టి, దారినపోయేవాళ్ళని పిలిచారు. మేం వీధిలో లేం కదా అన్నారు. కుదరదన్నారు పార్కర్. వీధిన నడిచేవాళ్ళకి ఈ బెడద తప్పించాలనే కదా చట్టం తెచ్చింది! ఇది మిస్చీఫ్ రూల్.

అదే ఏడాది నవంబరులో బ్రిస్టల్ షాపు కేసొచ్చింది. అద్దాల వెనక ధర చీటీతో సహా ఒక ఫ్లిక్ నైఫ్. అలాంటి కత్తిని అమ్మజూపడం, అంటే అమ్మకానికి ఆఫర్ చేయడం, నేరం. అదే పార్కర్ ఈసారి అక్షరం పట్టుకున్నారు, అంటే లిటరల్ రూల్. కాంట్రాక్టు చట్టం ప్రకారం అద్దాల్లో పెట్టడం ఆఫర్ కాదు, కొనేవాణ్ణి బేరానికి రమ్మనడమే. కేసు కొట్టేశారు.

1964 నాటి కేసులో, మార్హమ్ వైమానిక స్థావరంలో గొడవచేసినవాడు ఇంకా గడుసువాడు. స్థావరం "సమీపంలో" అడ్డుపడితే నేరమంది చట్టం. నేను సమీపంలో లేను, లోపలే ఉన్నాను అన్నాడు. లోపలున్నవాడూ సమీపంలో ఉన్నట్టేనని శిక్ష ఖాయం చేశారు. అక్షరం పట్టుకుంటే వెర్రి ఫలితమొచ్చే చోట అర్థాన్ని సర్దడం, అదే గోల్డెన్ రూల్. జడ్జి? మళ్ళీ ఆయనే.

మూడు రూల్సూ మూడు రకాల జడ్జీలవి అన్నట్టు జవాబు రాసే పిల్లలకి ఈ ఒక్క పేరు చాలు, కళ్ళు తెరుచుకుంటాయి. రూల్ చూసుకుని తీర్పిచ్చారా, తీర్పు అనుకుని రూల్ వెతుక్కున్నారా? ఈ గొడవలోకి దిగినవాడి పేపరుకే నేనైతే మంచి మార్కులేస్తాను. కథ మాత్రం పూసగుచ్చినట్టు రాసి ఊరుకుంటే పాస్ మార్కులే. మరీ పార్కర్‌ని తిట్టిపోయక్కర్లేదు కూడా: శిక్ష పడే చట్టంలో, కాంట్రాక్టు లాయర్లు ఏళ్ళ తరబడి ఒకే అర్థంలో వాడుతున్న "ఆఫర్" అనే మాటని ఆయన సాగదీయలేదు, అంతే. పార్లమెంటు 1961లో ఆ కత్తుల చట్టాన్ని మార్చి, అమ్మకానికి కత్తి పెట్టి చూపడం కూడా నేరమంది. జవాబులో ఆ ముక్క కూడా చేర్చమనండి, చాలామంది వదిలేస్తారు.