ఆర్కిడ్‌కు కుండీ మార్చబోయి...

మీలో ఎవరింట్లోనైనా ఆర్కిడ్ మొక్క ఉందా? ఉంటే ముందు ఒక్క మాట. దాన్ని గులాబీలాగా, మందారంలాగా చూసుకోకండి. నేను చూసుకున్నాను. ఏమైందో చెబుతాను, నవ్వకండి.

మా అమ్మాయి పూనాలో ఉద్యోగంలో చేరింది. పోయినేడు సంక్రాంతికి వనపర్తి వస్తూ, మొదటి జీతంలోంచి హైదరాబాదులో నాకోసం ఒక ఆర్కిడ్ కొనుక్కొచ్చింది. ఊదారంగు పూలు, సీతాకోకచిలుకలు వరుసగా వాలినట్టు. ఫెలనాప్సిస్ అంటారట. "చీర కొనిస్తే బీరువాల దాస్తవు. దీన్నైతే రోజూ చూస్తవు కదమ్మా" అంది.

అది బస్సెక్కిన మర్నాడు చూద్దును కదా, కుండీలో మట్టే లేదు! ఏవో చెక్క పెచ్చులు, అంతే. అయ్యో, మట్టి లేకుండా అమ్మేశారే అనుకొని, పెద్ద కుండీలో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి, పూలతో ఉన్న మొక్కను అందులో నాటేశాను. తులసమ్మతో పాటు దానికీ రోజూ చెంబెడు నీళ్లు. వారం తిరక్కుండానే పూలు రాలాయి. ఉగాదికి అడుగు ఆకులు పసుపెక్కాయి. మే నెలకు మిగిలినవి మూడే ఆకులు, అవీ వాడిన తమలపాకుల్లా వేలాడుతూ. అమ్మాయి వీడియో కాల్ చేసినప్పుడల్లా ఫోను పట్టుకొని వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని, వరండా కనబడకుండా.

ఆ ఎండల్లోనే మామిడికాయలకని కొల్లాపూర్‌లో మా వదినె వాళ్ల తోటకు పోయాం. అక్కడ ఒక ముసలి చెట్టు కొమ్మ మీద ఏదో మొక్క. పట్టీల్లాంటి మందపాటి ఆకులు, గోధుమరంగు గళ్ల పూలు, మంచి వాసన. లావుపాటి వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. తోట చూసే ఆయన కొడవలి తీశాడు. "బదనిక అమ్మా, చెట్టును తింటది" అన్నాడు. బోటనీ చదివిన మా మేనల్లుడు అడ్డుపడ్డాడు.

మన వైపు చెట్టు మీద పుట్టిన ప్రతిదాన్నీ బదనిక అనేస్తాం కదా. అసలు బదనిక కొమ్మలోకి వేరు దించి రసం పీలుస్తుంది. ఇది వాండా, ఇదీ ఆర్కిడే. బెరడును పట్టుకొని కూర్చుంటుంది తప్ప చెట్టు సొమ్ము ముట్టదు. వాన, మంచు, బెరడు సందుల్లో చేరిన దుమ్మూ ధూళీ, ఇవే దాని తిండి. వాడు వేలాడే వేరు మీద నీళ్లు చల్లి చూపించాడు. వెండిలా ఉన్న వేరు చూస్తుండగానే పచ్చబడింది. దాని మీద స్పంజిలాంటి పొర ఉంటుందట. తాగాలి, మళ్లీ గాలికి ఆరాలి. ఆరకపోతే కుళ్లుతుంది. నా మొక్కదీ ఈ జాతే, చెట్ల మీద బతికేదే. దాన్ని నేను బురదలో పాతిపెట్టాను!

(నల్లమలలోనూ వాండాలుంటాయి. మన్ననూరు దాటి శ్రీశైలం పోతూ ఒకటి పీక్కొద్దామనుకునేరు. అది ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం, మొక్కలు తేవడం నేరం.)

ఇంటికొచ్చి కుండీ బోర్లిస్తే వేళ్లన్నీ నల్లగా, పట్టుకుంటే తోలు ఊడివచ్చేలా ఉన్నాయి. గట్టిగా ఉన్నవి రెండే. మామూలుగానైతే ఆర్కిడ్‌కు కుండీ మార్చేది రెండేళ్లకోసారి. పూలు పూర్తిగా అయిపోయి, కొత్త వేరు మొన పచ్చగా కనబడుతున్నప్పుడు, లేదా లోపలి పెచ్చులు నల్లబడి పొడి అయినప్పుడు. పూలమీదున్నప్పుడు మాత్రం ముట్టుకోకూడదు. మన ఎండలకు ఏప్రిల్, మే నెలలు అసలే వద్దు, మృగశిర దాటి నాలుగు చినుకులు పడ్డాక మేలు. కానీ వేరు కుళ్లితే ముహూర్తం చూడొద్దు. నేను ఆ రోజే మార్చాను.

కత్తెరను స్టవ్ మంట మీద కాల్చి, చల్లారాక, మెత్తబడిన వేళ్లన్నీ కోసేశాను. కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దాను. మంచి వేళ్లకు అంటనివ్వకండి, ఎండబెట్టేస్తుంది. చిన్న కుండీ చాలు, వేళ్లు పట్టేంత. పెద్దదైతే తడి ఆరదు. అడుగున ఇటుక ముక్కలు, పైన కట్టెబొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు ముక్కలు. పీచును మూడు రోజులు నానబెట్టి రోజూ నీళ్లు మార్చాలి, దాన్లో ఉప్పుంటుంది. నాకు మూడు రోజుల ఓపిక లేక మొదట బొగ్గు, ఇటుకలతోనే పెట్టి, పీచు తర్వాత కలిపాను. మొక్క ఊగకుండా పుల్లకు పాత నూలు చీర పేలికతో కట్టాను. నాలుగు రోజులు నీళ్లు పోయలేదు, ఆకుల మీద చిలకరింపు మాత్రమే. ఆకుల నడుమ నీళ్లు నిలిస్తే గుడ్డతో అద్దేయాలి.

ఇప్పుడు వేరు వెండిరంగుకు తిరిగాకే నీళ్లు పోస్తున్నాను. మా బోరు నీళ్లకు గిన్నెలే తెల్లబడతాయి, అందుకని వాన నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటున్నాను. గద్వాలకు చీరల కోసం పోయినప్పుడు, కుండలు చేసే ఆయనతో పక్కలకంతా చిల్లులు పెట్టించి రెండు కుండీలు చేయించాను. "నీళ్లు నిలవని కుండ ఎందుకమ్మా?" అని ఆయన ఒకటే నవ్వు.

దసరాకు అమ్మాయి వచ్చింది. నిజం చెప్పేశాను. "నాకెప్పుడో తెలుసు. రోజూ వంటింట్లోనే ఎందుకుంటున్నవో అర్థం కాదా?" అని కొత్త కుండీ దగ్గర కూర్చుంది. పూలు ఇంకా రాలేదు. నాలుగో ఆకు వచ్చింది, దాని పక్కనే పచ్చటి మొనతో ఒక వేరు బయటికి చూస్తోంది. దాన్ని లోపలికి తోయబోతే నా చెయ్యి పట్టుకొని ఆపింది.