స్టార్టర్ డబ్బాలో కాగితం

పొలంలో మా బోరు మోటారుకి మొబైల్ స్టార్టర్ ఉంది. లోపల సిమ్ ఉంటుంది, ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది. అర్ధరాత్రి టార్చ్ పట్టుకుని గట్ల మీద నడిచే బాధ నాన్నకి తప్పింది.

మొన్న నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. అమ్మ ఫోన్ చేస్తే మోటారు పలకలేదు. అది రిజిస్టరైన నంబర్ల మాటే వింటుంది, అందులో ఉన్నది నాన్న నంబరొక్కటే. ఇంకో నంబరు చేర్చే కోడ్ ఎవరికీ తెలియదు. రెండు రోజులు వెతికితే, స్టార్టర్ డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. అప్పటికే నారు వాడిపోయింది.

ఆ సాయంత్రమే ఒక నోటుబుక్ మొదలుపెట్టాను. స్టార్టర్, సీసీ కెమెరా, వైఫై రౌటర్, టీవీ: ఏది ఎవరి నంబరు మీద ఉంది, ఏ యాప్, సిమ్ రీఛార్జ్ ఎప్పుడు, వారంటీ ఎప్పటిదాకా. పాస్‌వర్డులు విడిగా, భద్రంగా. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డులన్నీ మార్చేశాను. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ అలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డులతోనే లక్షల కెమెరాల్లోకి, రౌటర్లలోకి చొరబడింది.

ఈ ఆదివారం అమ్మానాన్నల పక్కన కూర్చుని మీరూ ఒక పేజీ రాసిపెట్టండి. ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసుండాలి.