తరిమెన ముందర

చేతిపని నేర్పు తరగతి యనగానే మన విద్యావంతుల యిండ్లలో రెండు తలంపులు పుట్టుచుండును. తీరికగల స్త్రీలకు అది పొద్దుపుచ్చు సాధనమని కొందరందురు. దిక్కులేనివారికి చేయు దానమని మరికొందరందురు. విశాఖపట్టణమున, గాజువాక ప్రాంతమందలి మా పేట స్త్రీల సమాజమువారికై, మేము కొందరము కలిసి మూడేండ్లుగా ఆదివారములందు లక్కపని తరగతి నడుపుచున్నాము. ఈ రెండు తలంపులతోను మాకు పెనుగులాట తప్పలేదు.

ఈ పనికి పుట్టినిల్లు ఏటికొప్పాక. విశాఖకు ఇంచుమించు 64 కిలోమీటర్ల దూరమున వరాహనది యొడ్డున నున్న గ్రామమది. మొన్నటిదాక విశాఖపట్టణము జిల్లాలోనిదే; 2022 లో జిల్లాలను విభజించినప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. లక్కపిడతలతో ఆడుకొనని తెలుగు ఆడుబిడ్డ యుండునా? పొయ్యి, కుండ, రోలు, తిరుగలి. నడక వచ్చినది మొదలు వంటయింటిని చేతికిచ్చి కూర్చుండబెట్టుటకు మన పెద్దలు కనిపెట్టిన యుపాయమేమో యని మాలో ఒకరు పరిహాసమాడుచుందురు. మా తరగతికి తల్లుల వెంట వచ్చు మగపిల్లలు మాత్రము ఆ పొయ్యి కొరకే కొట్లాడుకొనుచున్నారు.

పని వినుటకు సులభము. అంకుడు కర్ర మెత్తనిది, తెల్లనిది, ఉలికి లోబడునది. దానిని చక్కగా ఎండనిచ్చి, తరిమెనకు బిగించి, గిరగిర తిరుగుచుండగా ఉలితో రూపము తీయుదురు. పూర్వము ఒకరు త్రాడు లాగుచుండ మరియొకరు ఉలి పట్టెడివారు. ఇప్పుడు ఆ లాగు పని విద్యుత్తు చేయుచున్నది. రూపము తేలిన పిమ్మట రంగు కలిపిన లక్కకోలను తిరుగు కర్రకు ఆనింతురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టును. ఆ మీద మొగలియాకుతో అదిమి పట్టిరా, అద్దమువంటి మెరుగు వచ్చును. చేయబూనినప్పుడు కదా సంగతి తెలియుట! లక్కకోలను చాలినంత ఒత్తనిచో రంగు మరకలు మరకలుగా నిలుచును. మితిమీరి ఒత్తినచో మాడును. ఎంత ఒత్తవలెనో ఏ పుస్తకమునను లేదు.

మొదటి నెలలో కళాశాలలో పాఠములు చెప్పు నొక సోదరి ఉలిని కర్రలోనికి గ్రుచ్చుచుండగా, నేర్పవచ్చిన పెద్దాయన “ఏటమ్మా, కర్రతో తగువాడతన్నారా? ఉలిని ఊరికే పట్టుకోండి, కర్రే దాని కాడికి వస్తాది” అనెను. ఆమెకది పట్టుబడుటకు ఆరు ఆదివారములు పట్టినది. అందరికంటె ముందు నేర్చినది రొయ్యలు ఒలుచు పనికి కూలికి పోవు నొక యిల్లాలు. 1971 లో పునాదిరాయి పడిన ఉక్కు కర్మాగారమునకు భూములు ఒప్పగించిన కుటుంబపు కోడలామె.

రంగుల మాటయు చెప్పవలసియున్నది. పసుపు, నీలి, జాఫరా గింజలు మొదలగువాని రంగులను విడిచి, ఆ గ్రామమువారు కూడ నడుమ కొంతకాలము అంగడి రసాయనపు రంగులకు దిగిరి. బొమ్మను నోట బెట్టుకొనని పసిబిడ్డ యుండడు గదా! చెట్లనుండి వచ్చు రంగులను మరల నిలువబెట్టుటకు ఆ యూరి సి.వి. రాజుగారు ఎన్నో యేండ్లు పాటుపడిరి. 2023 లో వారికి పద్మశ్రీ వచ్చినది. మేమును ఆ రంగులే వాడుచున్నాము. ఖర్చు హెచ్చే.

మొదటి జగడము జీతమును గూర్చినది. మా సమాజపు పెద్దలలో కొందరు, “ఆ బొమ్మలవానికి ఒక శాలువ కప్పి, దారిఖర్చులిచ్చి పంపుదము, కళను డబ్బుతో కొలువరాదు” అనిరి. సంగీతపు మేష్టరుకు నెలజీతమిచ్చునప్పుడు ఈ వేదాంతము వారికి జ్ఞాపకము రాలేదు! చేతిపనిని చదువునకు నడిబొడ్డున నిలుపవలెనని గాంధీగారు వార్ధాలో ప్రతిపాదించినది 1937 లో. దుర్గాబాయమ్మగారు చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభను స్థాపించినదియు ఆ సంవత్సరమే. ఇన్నేండ్లకును ఉలి పట్టినవాడు మనకు ‘వాడు’గానే యున్నాడు. మేము లెక్కల పుస్తకములో ‘గురువుగారి జీతము’ అని వ్రాసి, తరగతి రుసుములో మొదటి భాగము దానికే తీసిపెట్టితిమి. చెల్లింపలేని వారినుండి రుసుము పుచ్చుకొనము. ఆ లోటు చెల్లింపగలవారు భరించుచున్నారు. ఇందువలన ఇద్దరు మానివేసిరి. తరగతి మానలేదు.

రెండవది ఇంతకంటె కఠినము. మా స్త్రీలు చేసిన వస్తువులు చూచి ఒక వర్తకుడు వానిని ‘ఏటికొప్పాక బొమ్మలు’ అను పేర అమ్మిపెట్టెద ననెను. ఆ బొమ్మలకు 2017 లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ పేరు ఆ పనివారి సొత్తు. మేము వలదంటిమి. అప్పుడా రొయ్యల పని యిల్లాలు లేచి, “పేరు వాళ్లదే నమ్మా, కాదన్ను. మరి నా చేతి కష్టం ఎవలది?” అని యడిగెను.

ఆమె చేతికష్టము ఆమెదే. కాని నేర్పిన యూరి యన్నమునకు మన నేర్పు అడ్డుపడరాదు గదా! గురువుగారినే యడిగితిమి. ఆయన చాలసేపు ఊరకుండి, “బొమ్మలు మాకు వదిలీండి, గుండీలు చేసుకోండి” అనెను. ఇప్పుడామె రవికలకును చొక్కాలకును లక్క గుండీలు చేసి, తన పేరు వ్రాసిన చీటి కట్టి, గాజువాక దర్జీలకు అమ్ముచున్నది. వచ్చునది రొయ్యల కూలికి సమానము కాలేదు. కావున వారమున నాలుగు దినములు ఆ పనికే పోవుచున్నది. ఆమె ప్రశ్నకు గుండీలు చాలిన సమాధానమని మేము చెప్పజాలము.

క్రిందటి నెల అంకుడు కర్ర సమయమునకు అందలేదు. వేరొక కర్రతో కానిచ్చెదమని కొందరనగా, గురువుగారు ఒప్పుకొనలేదు. రెండు ఆదివారములు ఉలులు నూరుకొనుచు, రంగులు కాచుకొనుచు గడపితిమి. మూడవ ఆదివారము ఒక మూట వచ్చినది. ఇంకను పచ్చిగానున్నది, అటక మీద ఆరవేసితిమి.