పేరు మనది, పడవ ఎవరిది?

"ప్రపంచాన్ని చుట్టే కాటమరాన్ పడవ మన పూర్వీకులదే" అనే మాట కోల్‌కతా తెలుగువారిలో కూడా వింటుంటాను. రక్షణ శాఖ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. వోచరు అడగడం నా అలవాటు.

మాట తమిళ 'కట్టుమరం' నుంచే వచ్చింది. అంటే కట్టిన దుంగలు. మన జాలర్ల తెప్ప లాంటిది. దుంగలే తేలతాయి కనుక నీళ్ళు నిండి మునగదు. రెండు దోనెలను ఎడంగా పెట్టి దూలాలతో కలిపిన పడవ వేరు. పసిఫిక్ దీవులవాళ్ళు వాటిపై శతాబ్దాల క్రితమే మహాసముద్రం దాటారు. ఇంగ్లీషులో దానికి ఈ పేరు అంటుకుంది, అంతే.

జూల్ వెర్న్ నవలలో ఫాగ్ ఈ కలకత్తా మీదుగానే 80 రోజుల్లో ప్రపంచం చుట్టాడు. 1993లో బ్రూనో పేరోన్ బృందం జంట దోనెల 'కమొడోర్ ఎక్స్‌ప్లోరర్' మీద తెరచాపలతోనే 79 రోజుల్లో చుట్టింది. 2017లో ఫ్రాన్సిస్ జోయాన్ బృందానికి మూడు దోనెల పడవ మీద 41 రోజులు కూడా పట్టలేదు. కారణం? వెడల్పే పడవను ఒరగకుండా ఆపుతుంది. అడుగున సీసం బరువు మోయనక్కరలేదు.

మునగని తెప్ప మన జాలరి ఖాతాలో జమ. అది చాలదా? దీవులవాళ్ళ జమను కూడా మనం రాసుకుంటే దాన్ని దేశభక్తి అనరు, దొంగలెక్క అంటారు.