ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం?

మన ఊళ్ళలో ఫలానా ఊరు ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లు చెప్పేవాళ్ళు తక్కువ. "బస్సులో మూడు గంటలు" అంటారు. విమానాల సంగతులు చదివేకొద్దీ అదే సరైన లెక్క అనిపిస్తోంది నాకు.

ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ మధ్య గ్లోబు మీద ఒక దారం బిగించి పట్టుకోండి. అది అట్లాంటిక్ మీదుగా పోదు, పసిఫిక్ మీదుగానూ పోదు. సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి చేరువగా వెళ్ళి దిగుతుంది. ఆ లెక్కన దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. బడి గోడ మీది పటం చూస్తూ పెరిగిన కళ్ళకు ఇది ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

ఎయిరిండియా విమానం మొదట్లో యూరప్, అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు ప్రయాణించేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా నడిపారు. దారి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది, పాత దారికంటే దాదాపు రెండు గంటల ముందు! భాగించి చూస్తే గంటకు 1,055 కిలోమీటర్లు. బోయింగ్ 777 మామూలు వేగం 900 దరిదాపుల్లో ఉంటుంది. తక్కినదంతా గాలి చలవే.

ఆ గాలి పేరు జెట్ స్ట్రీమ్. భూమికి పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఏరులా పారుతుంది. భూమధ్యరేఖ దగ్గరి వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా దాన్ని పుట్టిస్తే, భూభ్రమణం దాన్ని తూర్పుకు మళ్ళిస్తుంది. చలికాలంలో ఆ తేడా పెరుగుతుంది కాబట్టి గాలి జోరూ పెరుగుతుంది. కింద భూమి తిరుగుతోంది కనుక పడమటికి ఎగిరితే త్వరగా చేరతామని కొందరు వాదిస్తారు. భూమితోపాటు గాలి కూడా తిరుగుతోందన్న మాట వాళ్ళు మరిచిపోతారు.

ఇంకో విశేషం. వేసవిలో ఈ రెండు ఊళ్ళ గడియారాలకు పన్నెండున్నర గంటల తేడా. పద్నాలుగున్నర గంటలు ఎగిరి దిగినా అక్కడ గడియారంలో గడిచినట్టు కనిపించేది రెండు గంటలే. నడుము నొప్పికి మాత్రం ఆ లెక్క పట్టదు.

గాలితో సర్దుకోవచ్చు, మనుషులు మూసిన ఆకాశంతోనే కష్టం. 2022లో రష్యా గగనతలం యూరప్ విమానాలకు మూతపడ్డాక హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం దాదాపు పదమూడు గంటలైంది. ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్నెయిర్ మళ్ళీ ధ్రువం మీది దారి పట్టింది. 1983లో ఆ సంస్థ టోక్యోకు ఆగకుండా ఎగిరింది కూడా ఆ దారినే. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేస్తే, ఢిల్లీ నుంచి పడమటికి పోయేవి అరేబియా సముద్రం మీదుగా చుట్టూ తిరగాల్సి వచ్చింది. అమెరికా విమానాలు కొన్ని ఇంధనం కోసం యూరప్‌లో దిగాయి. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి.

పిల్లల దగ్గరికి వెళ్ళే మన అమ్మానాన్నలకు టిక్కెట్టు కొనేవాళ్ళకు అందుకే చెబుతుంటాను: పోయేటప్పుడు ఎన్ని గంటలు, వచ్చేటప్పుడు ఎన్ని గంటలు అన్నది విడివిడిగా చూడండి. ఆ రెండూ ఒకటి కావు. కాళ్ళు వాచే వయసులో రెండు గంటల తేడా చిన్నది కాదు.